జైపూర్ హౌస్‌లో అమృతా షేర్‌గిల్ బొమ్మలు చూసొచ్చాను. మనవాళ్లెవరైనా చూశారా?

పోర్టుపెన్షనర్ (అక్కయ్యపాలెం) – ఆదివారం రాత్రి 9.12

అందరికీ నమస్కారం. బొమ్మల గురించి నాకేమీ తెలీదని ముందే ఒప్పేసుకుంటున్నాను. ముప్ఫై నాలుగేళ్లు పోర్టులో లెక్కలు రాసినవాణ్ణి. మా అమ్మాయికి ఢిల్లీలో ఇంటర్వ్యూ ఉంటే తోడు వెళ్లాను. తను లోపలికి వెళ్లిపోయాక సాయంత్రం దాకా నాకు పని లేదు. ఇండియా గేట్ దగ్గర ఎండ దంచేస్తోంది. ఆ పక్కనే జైపూర్ హౌస్ కనబడితే చల్లగా ఉంటుంది కదా అని టికెట్ కొనుక్కుని దూరాను. నేషనల్ గ్యాలరీ ఆఫ్ మోడర్న్ ఆర్ట్ అట. 1954 నుంచీ ఉందట. నేను వినలేదు.

అక్కడ అమృతా షేర్‌గిల్ అనే ఆవిడ బొమ్మల ముందు గంటన్నర నిలబడిపోయాను. ముఖ్యంగా రెండు. ఒకటి బ్రహ్మచారులు. అయిదుగురు, తెల్లటి పంచెలు, వెనకాల ఎరుపూ గోధుమా కలిసిన రంగు. ఆ రంగు చూడగానే నాకు భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలు గుర్తొచ్చాయి. వాన పడ్డ మర్నాడు ఉంటాయే, అచ్చం అలా. రెండోది పెళ్లికూతుర్ని చేస్తున్న బొమ్మ. పిల్లకి జడ వేస్తున్నారు, చేతులు ఎర్రగా ఉన్నాయి, ఒక్కరి ముఖంలోనూ నవ్వు లేదు. రెండూ 1937లో వేసినవని రాసుంది.

నా సందేహం ఒక్కటే. పెళ్లివారింట్లో అంత దిగులేమిటండీ? తెలిసినవాళ్లు చెప్పండి.

కుంచె_సిరిపురం – ఆదివారం రాత్రి 10.05

బాబాయ్ గారూ, మొదటిసారి వెళ్లి ఆ రెండింటి దగ్గరే ఆగారంటే మీ కన్ను మంచిదే. నేను ఆంధ్రా యూనివర్సిటీలో ఫైన్ ఆర్ట్స్ చదివాను కాబట్టి కాస్త చెప్పగలను.

ఆవిడ 1913 జనవరి 30న బుడాపెస్టులో పుట్టింది. నాన్న ఉమ్రావ్ సింగ్ మజీఠియా సిక్కు, సంస్కృతం, ఫారసీ చదువుకున్నవాడు, ఫొటోల పిచ్చి. అమ్మ మేరీ ఆంటోనెట్ హంగేరీ మనిషి, ఒపేరా పాడేది. 1921లో సిమ్లా వచ్చారు. అక్కడి కాన్వెంటులో నాకు దేవుడి మీద నమ్మకం లేదని చెప్పి బయటికి పంపించేయించుకుంది ఈ పిల్ల. 1929లో పదహారేళ్లకి పారిస్. అక్కడి పేరున్న కళాశాల ఎకోల్ దె బోజార్‌లో లూసియన్ సైమన్ దగ్గర నేర్చుకుంది. 1932లో వేసిన ‘యంగ్ గర్ల్స్’ బొమ్మకి మరుసటి ఏడాది గ్రాండ్ సలోన్ అనే పారిస్ పెద్ద ప్రదర్శనలో బంగారు పతకం, అసోసియేట్ హోదా వచ్చాయి. అప్పటికి ఇరవై ఏళ్లు. ఆ బొమ్మలో ఉన్న ఇద్దరిలో ఒకరు సొంత చెల్లెలు ఇందిర.

అంత పేరు వస్తే ఎవరైనా అక్కడే ఉండిపోతారు. ఈవిడ 1934 ఆఖరికి ఇండియా వచ్చేసింది. ఐరోపా అంటే పికాసో, మాటిస్, బ్రాక్‌లది, ఇండియా మాత్రం నా ఒక్కదానిదే అని ఉత్తరంలో రాసుకుంది. పొగరే. కానీ చేసి చూపించింది కదా.

మీరు చూసినవి దక్షిణాది ప్రయాణం తర్వాతవి. 1936 చివర బొంబాయిలో బయల్దేరి అజంతా, ఎల్లోరా, హైదరాబాదు, కొచ్చిన్, తిరువనంతపురం, కన్యాకుమారి తిరిగింది. అజంతాలో మతిపోయింది. అక్కడి కుడ్యచిత్రం ఒక్కటి రినైజాన్స్ (ఐరోపా పునరుజ్జీవన కాలపు కళ) మొత్తానికంటే ఎక్కువని 1934లో ఐరోపాలో ఉండగానే రాసింది. కొచ్చిన్‌లో మట్టాంచేరి ప్యాలెస్ గోడల మీది బొమ్మలు ముందేసుకుని నకళ్లు గీసుకుంది. సిమ్లా తిరిగెళ్లాక ఈ మూడూ వేసింది. మీరు చూసిన రెండూ, ‘సంతకి వెళ్తున్న దక్షిణాది పల్లెవాళ్లు’ అనే ఇంకోటి.

డాబాగార్డెన్స్ – ఆదివారం రాత్రి 10.31

ఈవిడ బొమ్మేనా 61 కోట్లకి అమ్ముడయింది? 2023లో పేపర్లో చూశా. 61.8 కోట్లు. ఆ డబ్బుతో మన వైజాగ్ ఎంవీపీ కాలనీలో ఎన్ని ఫ్లాట్లొస్తాయో లెక్కేసి మా ఆవిడకి చెబితే, ‘ఆ బొమ్మని ఎవరూ అద్దెకి అడగరుగా’ అంది.

కుంచె_సిరిపురం – ఆదివారం రాత్రి 10.40

అదే. ‘స్టోరీ టెల్లర్’, అదీ 1937దే. అప్పటికి వేలంలో ఏ భారతీయ చిత్రకారుడికీ రాని ధర. 2025 మార్చిలో ఎం.ఎఫ్. హుస్సేన్ ‘గ్రామయాత్ర’ 118 కోట్లతో దాన్ని దాటేసింది. ఇంకో సంగతి, షేర్‌గిల్ బొమ్మలు జాతీయ కళాసంపద కింద ఉన్నాయి. దేశంలో ఉన్నవాటిని బయటికి దాటించడానికి వీల్లేదు. అంటే కొన్నా దేశం దాటించలేని బొమ్మకి పలికిన ధర అది.

డాబాగార్డెన్స్ – ఆదివారం రాత్రి 10.44

మరి బతికుండగా ఆవిడకి ఎంతొచ్చింది?

డ్రాయింగ్‌మేస్టారు (గోపాలపట్నం) – సోమవారం ఉదయం 6.20

ఏమొచ్చింది బాబూ, తిరుగుటపాలో బొమ్మలొచ్చాయి. హైదరాబాదులో సాలార్‌జంగ్ నవాబు చూస్తానని ఉంచుకుని వెనక్కి పంపేశాడంటారు. తన దగ్గరున్న విదేశీ సరుకు ఎలా ఉందని ఆయన అడిగితే, ఈవిడ మొహమాటం లేకుండా చెప్పేసిందని ఒక కథ. మైసూరు మహారాజు కూడా ఈవిణ్ణి కాదని రవివర్మ బొమ్మలవైపే మొగ్గాడట. సిమ్లాలోనైతే 1935లో ఫైన్ ఆర్ట్స్ సొసైటీ వాళ్లు కొన్ని బొమ్మలు తీసుకుని, కొన్ని తిప్పికొట్టి, తీసుకున్నవాటిలో ఒకదానికి బహుమతిచ్చారు. ఆ బహుమతి వాళ్ల మొహానే కొట్టింది.

నేను ముప్ఫై ఏళ్లు డ్రాయింగు చెప్పాను. ఆఖరి నాలుగేళ్లలో మా స్కూల్లో డ్రాయింగ్ పీరియడు తీసి లెక్కలకిచ్చేశారు. నన్ను పరీక్షల డ్యూటీలకి, పెచ్చులూడిన గోడల మీద సూక్తులు రాయడానికి వాడుకున్నారు. ఆ మంట నాకింకా ఉంది గాబట్టి బహుమతి తిప్పికొట్టినవాళ్లంటే నాకు కాస్త ఎక్కువ ఇష్టం. అది పక్కన పెట్టండి.

పోర్టు గారూ, మీరు పంచెల తెలుపు గమనించారా? దగ్గరగా చూస్తే అందులో తెలుపు చాలా తక్కువ. ఒక పంచెలో పసుపు చాయ, ఇంకోదాంట్లో బూడిద, మరోదాంట్లో ఆకుపచ్చ మెదిలినట్టుంటుంది. ట్యూబులో తెలుపు తీసి పూసేస్తే సున్నం వేసినట్టుంటుంది, బట్టలా ఉండదు. పిల్లలకి నేను ఇదే చెప్పేవాణ్ణి. తెల్లచొక్కా గీయమంటే తెలుపు రంగు ముట్టుకోకుండా గీయండిరా అని. సగంమంది కాగితం ఖాళీగా ఇచ్చేసేవారు, గడుగ్గాయిలు.

ఇంకోటి, నీడలు. పారిస్‌లో ఆవిడ నేర్చుకున్నది ఒకవైపు వెలుతురు, ఒకవైపు నీడ, గుండ్రంగా తేలే ఒళ్లు. ఈ బొమ్మల్లో అది తగ్గిపోయింది. మనిషి చుట్టూ ఒక గట్టి అంచు, లోపల నిండుగా ఒక రంగు. అజంతాలో చూసిందది. నూనెరంగులు పారిస్‌వే, మనుషుల్ని కూర్చోబెట్టిన తీరు అజంతాది.

పోర్టుపెన్షనర్ – సోమవారం ఉదయం 7.02

మేస్టారూ, మీరు చెప్పాక ఫోన్లో తీసిన ఫొటో పెద్దది చేసి చూశా. నిజమే! ఎడమ చివరి పంచె చల్లలా ఉంది, మధ్యది గంజి పెట్టినట్టుంది. ఇన్నాళ్లూ పంచె కట్టిన నాకే తెలీలేదు.

జాలారిపేట_పిల్ల – సోమవారం సాయంత్రం 5.48

అందరూ మెచ్చుకుంటున్నారు, నేనొక్కదాన్నే అడ్డం వస్తున్నాననుకోకండి. ఆ మూడో బొమ్మ, సంతకి వెళ్లేవాళ్లది, నెట్‌లో చూశాను. అందులో నల్లటి మనుషులు, పొడుగు ముఖాలు, వాలిన కళ్లు. మా అమ్మ రోజూ పొద్దున్నే తట్ట నెత్తిన పెట్టుకుని వెళ్తుంది. దారి పొడుగునా నోరు మూయదు. ఆటోవాడితో గొడవ, పక్కావిడతో సీరియల్ కథ, నాకు ఫోన్లో తిట్లు. వంజరం రేటు పడిపోయిన రోజున కూడా దిగులు మొహంతో కూర్చోదు, ఎదుటివాళ్లనే దిగులు పెట్టేస్తుంది. ఈ పెద్దింటావిడ నాలుగు నెలలు రైల్లో తిరిగి, నల్లగా ఉన్నవాళ్లంతా ఏడుపు మొహాలేనని తేల్చేసిందా?

ఊరికే అనట్లేదు. ఆవిడ తన బొమ్మల గురించి రాసింది ఒకటి చదివా. ఇండియాలో పేదవాళ్ల బతుకుని చిత్రించాలట, అంతులేని లొంగుబాటు, ఓర్పు నిండిన ఆ మౌనరూపాల్ని వేయాలట, వాళ్ల గోధుమరంగు ఒళ్లు వికారంగా ఉండటంలోనే వింత అందం ఉందట. వికారమేటండీ? ఎవరి కళ్లకి వికారం?

కుంచె_సిరిపురం – సోమవారం సాయంత్రం 6.30

చెల్లీ, ఆ మాట అన్నది నిజమే, కప్పిపుచ్చను. కానీ అది తిరిగొచ్చిన కొత్తలో తనకున్న ఆలోచన గురించిన మాట. ‘హిల్ విమెన్’, ‘హిల్ మెన్’, ‘మదర్ ఇండియా’ అన్నీ 1935వి, ఆ చూపుతో వేసినవే. ‘హిల్ విమెన్’ 1978లో తపాలా బిళ్ల మీద కూడా వచ్చింది. అప్పటి బొమ్మల్లో నువ్వన్న జాలి ఉంది. 1937కి వచ్చేసరికి ఆ జాలి మీద అంత మోజు ఆవిడకే లేదని నా అభిప్రాయం. దృష్టంతా రంగు మీదా, మనుషుల అమరిక మీదా పడింది.

జాలారిపేట_పిల్ల – సోమవారం సాయంత్రం 6.41

అక్కా, అమరిక కోసం మా ముఖాల్లో మాటలు తీసేస్తారా మరి?

డాబాగార్డెన్స్ – సోమవారం సాయంత్రం 6.43

ఇదీ ప్రశ్నంటే. పాప్‌కార్న్ తెచ్చుకుంటున్నా.

డ్రాయింగ్‌మేస్టారు – సోమవారం రాత్రి 8.15

తల్లీ, నీ కోపంలో న్యాయముంది. బయటినుంచి వచ్చి చూసేవాడికి ముందు కనబడేది ఒంటి రంగు, పేదరికం. మాట వినబడాలంటే భాష రావాలి. ఆవిడకి మన భాషలు రావు. అందుకే ఆ బొమ్మల్లో అందరూ మాట్లాడ్డం మానేసి కూర్చుంటారు. ఇది నా లెక్క, పుస్తకాల్లో లేదు.

కానీ ఆవిణ్ణి అక్కడే వదిలేయకు. తర్వాతి కథ వేరు. 1938లో హంగేరీ వెళ్లి తల్లి వైపు చుట్టం, డాక్టర్ విక్టర్ ఎగన్‌ని చేసుకుంది. 1939లో ఇద్దరూ గోరఖ్‌పూర్ దగ్గర సరాయా వచ్చారు. అక్కడ వాళ్ల కుటుంబానికి చక్కెర ఫ్యాక్టరీ ఉంది. మాది అనకాపల్లి వైపు కాబట్టి చెరకు పొలాల మధ్య మధ్యాహ్నం ఎంత మెల్లగా గడుస్తుందో నాకు తెలుసు. బెల్లం వాసన, ఈగలు, మంచం మీద ఆడవాళ్ల కబుర్లు. సరాయా బొమ్మల్లో అదే ఉంటుంది. మొగలాయీ, పహాడీ చిన్న బొమ్మలు చూసి, ముఖ్యంగా జమ్మూ వైపు బసోలీ అనే ఊరివాటి రంగులు చూసి, తన బొమ్మల సైజు కూడా తగ్గించింది. 1940లో వేసిన ‘పసుపు నూరేవాళ్లు’ చూడు. అదే ఏడాది ‘పెళ్లికూతురు’, ఉయ్యాల బొమ్మ, 1938లో వేసిన ‘ఆడవాళ్ల లోగిలి’ చూడు. వాటిలో నీక్కావలసిన మనుషులు దొరకొచ్చు. చూసి తిడితే అప్పుడు తిట్టు, నేనూ కలుస్తా.

నైట్‌డ్యూటీ – సోమవారం రాత్రి 11.50

వార్డులో కాస్త ఖాళీ దొరికితే మొత్తం చదివాను. ఆవిడ ఎలా పోయిందో ఎవరూ రాయలేదు. 1941 సెప్టెంబరులో భర్తతో లాహోరు మారింది. మాల్ రోడ్డు మీద గంగారామ్ మాన్షన్స్‌లో పోర్షన్. డిసెంబరులో పెద్ద ఎగ్జిబిషన్ పెట్టుకున్నారు. దానికి కొద్ది రోజుల ముందు కడుపులో జబ్బు చేసింది, ఒక్కసారిగా ముదిరిపోయింది. డిసెంబరు 5న పోయింది. ఇరవై ఎనిమిదేళ్లు. భర్తే డాక్టరు, ఇంట్లోనే వైద్యం. అసలు కారణం ఏమిటన్నది ఇప్పటికీ తేలలేదు, తల్లి మాత్రం అల్లుడినే తప్పుపట్టింది. ఆ వారంలోనే బ్రిటన్ హంగేరీ మీద యుద్ధం ప్రకటించడంతో ఆయన్ని శత్రుదేశస్తుడని పట్టుకెళ్లారు. ఈజిల్ (బొమ్మ వేసే స్టాండు) మీద సగంలో ఆగిన బొమ్మ ఒకటి ఉండిపోయింది. లాహోరు ఇంటిమీద నుంచి కనబడే పాలవాళ్ల ఇళ్లు, గేదెలు.

నాకు రోజూ ఆ వయసు పేషెంట్లు వస్తారు. పెన్సిలిన్ మామూలు ఆస్పత్రులకి చేరడానికి అప్పటికి ఇంకా కొన్నేళ్లుంది. కడుపులో చీము పడితే చాలాసార్లు చేతులు కట్టుకు చూడాల్సిందే. ఇప్పుడైతే డ్రిప్ ఎక్కించి, స్కాన్ తీసి... సరే, బెల్ మోగుతోంది.

డ్రాయింగ్‌మేస్టారు – మంగళవారం ఉదయం 6.05

మనకి దామెర్ల రామారావు గారూ అంతే. రాజమండ్రిలో 1897లో పుట్టి, అక్కడి కాలేజీ ప్రిన్సిపాల్ కూల్డ్రే దొరగారు చేరదీస్తే బొంబాయి జేజే స్కూల్ ఆఫ్ ఆర్ట్‌కి వెళ్లి, తిరిగొచ్చి మన ఆంధ్రదేశంలో కొత్త చిత్రకళకి ఒక దారి వేసి, 1925 ఫిబ్రవరిలో మశూచితో పోయారు. ఇరవై ఎనిమిది కూడా నిండలేదు. రాజమండ్రిలో ఆయన పేర గ్యాలరీ ఉంది. పోర్టు గారూ, ఢిల్లీ దాకా వెళ్లారు కదా, ఈసారి రైలెక్కి అది కూడా చూసిరండి. పొద్దున్నెళ్తే రాత్రికి ఇంటికొచ్చేయొచ్చు.

పోర్టుపెన్షనర్ – మంగళవారం ఉదయం 9.30

తప్పకుండా మేస్టారూ. మధ్యలో ఒక చిన్న సాయం. గ్యాలరీ షాపులో బ్రహ్మచారుల ప్రింటు కొని, ఇక్కడ ఫ్రేము కట్టించి హాల్లో వేలాడదీశా. మా హాలు గోడ సముద్రం వైపు. మూడు వారాలకే అద్దం లోపల చెమ్మ చుక్కలు, కింద మూలలో నల్లటి మచ్చలు. ఫ్రేము షాపతన్ని అడిగితే, వైజాగ్‌లో అంతేనండి అని చేతులు దులిపేసుకున్నాడు. ఏం చెయ్యాలి?

కుంచె_సిరిపురం – మంగళవారం ఉదయం 10.10

అంతే కాదు బాబాయ్ గారూ, అతను ప్రింటుని నేరుగా అద్దానికి ఆనించి కట్టేశాడు. వెంటనే విప్పించండి. మచ్చలు పడ్డచోట తడిగుడ్డ పెట్టకండి. నీడలో ఆరనిచ్చి, మెత్తటి పొడి బ్రష్‌తో బయట, గాలి తగిలేచోట దులపండి, ముక్కుకి గుడ్డ కట్టుకుని. మళ్లీ కట్టించేటప్పుడు చుట్టూ మందపాటి మౌంటు బోర్డు వేయించండి, అప్పుడు కాగితానికీ అద్దానికీ మధ్య ఖాళీ ఉంటుంది. ఫ్రేము వెనక నాలుగు మూలలా బెండు ముక్కలు అంటించండి, గోడకీ ఫ్రేముకీ మధ్య గాలాడుతుంది. అన్నిటికంటే ముఖ్యం, సముద్రం వైపు గోడ మీంచి తీసి లోపలి గోడకి మార్చండి. నేను కాలేజీలో వేసిన కాన్వాసులు రెండు మా మేడ గదిలో ఇలాగే బూజు పట్టి పోయాయి. అందులో ఒకటి నిజంగా బాగుండేది.

డాబాగార్డెన్స్ – మంగళవారం ఉదయం 10.22

ఆ ఎర్రమట్టి దిబ్బల మట్టి తెచ్చి గమ్‌లో కలిపితే ఆ వెనక రంగు వస్తుందా? మా వాడికి స్కూలు ప్రాజెక్టుంది.

మోడరేటర్ – మంగళవారం ఉదయం 10.35

అక్కడ మట్టి తవ్వకండి బాబూ. అది భౌగోళిక వారసత్వ స్థలం. షాపులో ఇండియన్ రెడ్ అని ట్యూబు దొరుకుతుంది, దాంట్లో కాస్త బర్న్ట్ సియెన్నా కలపమనండి. అలాగే 61 కోట్ల లెక్క మీద వచ్చిన పదకొండు మెసేజ్‌లు వేరే చర్చలోకి మార్చాను.

జాలారిపేట_పిల్ల – మంగళవారం రాత్రి 8.55

మేస్టారు చెప్పినవన్నీ చూశాను. పసుపు నూరేవాళ్లది నచ్చింది. అందులో ఎవరి ముఖమూ సరిగ్గా కనబడదు, కానీ పని కనబడుతుంది. ఒంగిన వీపులు, చెట్ల మధ్య ఆ ఎరుపు, పసుపు. అక్కడ ఎవరూ ఎవరికోసమూ దిగులుగా కూర్చోలేదు. కాబట్టి సగం కోపం వాపసు. సంతకి వెళ్లేవాళ్ల మీద మాత్రం అలాగే ఉంది.

తర్వాత పోర్టు బాబాయ్ మొదటి ప్రశ్న ఉంది కదా, పెళ్లివారింట్లో దిగులెందుకని. ఆ బొమ్మ ఫోన్లో మా అమ్మకి చూపించాను. చేపలు కడుగుతూ ఉంది, చేతులు తుడుచుకోకుండానే మొహం దగ్గరికి పెట్టమంది. కాసేపు చూసి, ‘దిగులేటే, దాని చేతులు చూడు’ అంది. ‘చేతులకి ఎర్రగా పెట్టారు. ఆరేదాకా దేన్నీ ముట్టుకోకూడదు. ముక్కు మీద దురదెడితే గోక్కోడానికి లేదు. పైనించి జడేసేవోళ్లు జుట్టు లాగుతుంటారు. నా పెళ్లికి నేనూ ఇలాగే కూకున్నాను, మీ నాన్న కోసం ఏడుత్తన్నానని ఊరంతా అనుకున్నారు.’

పోర్టుపెన్షనర్ – మంగళవారం రాత్రి 9.03

అమ్మా, మీ అమ్మగారికి నా నమస్కారాలు చెప్పు. మా ఆవిడకి ఇది చదివి వినిపించాను. నలభై ఏళ్ల కిందట మా పెళ్లి ఆల్బమ్ తీసి ఒక ఫొటో చూపిస్తోంది. ఇదే కూర్చోవడం, ఇవే చేతులు. అప్పట్నుంచీ నేనంటే ఇష్టం లేకే అలా ఉందనుకుంటున్నాను.